చెయ్యి ఆగేంత సేపు

గది మధ్యదాకా బాగానే నడిచి వచ్చిన సోమయాజులు మాస్టారు గడప కనబడగానే నిలబడిపోయారు. ముందుకు వెళ్లాలనే ఉంది ఆయనకి. మోకాళ్లు వణుకుతున్నాయి, పాదాలు మాత్రం నేలకి అతుక్కుపోయాయి. గడప అవతల ఆయన భార్య కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. వణుకుడు జబ్బు మొదలైనప్పటి నుంచీ ఆ ఇంట్లో గుమ్మం దాటడమంటే ఒక ప్రయాణం.

డాక్టర్ దమయంతి ఆయన వెనక్కి వెళ్లి, మెడ కింద వెన్ను మొదలయ్యే చోట తమలపాకంత మెత్తటి పట్టీ ఒకటి అంటించింది. చేతిలోని చిన్న పరికరం మీద వేలితో మీట పైకి జరిపింది. "ఇప్పుడు వెళ్లండి మాస్టారూ" అంది మామూలుగా.

మాస్టారు గడప దాటారు. దాటినట్టు ఆయనకే తెలియలేదు. అవతలికి చేరి, కుర్చీ పట్టుకుని, వెనక్కి తిరిగి గడపని చూసి, పిల్లాడిలా ఏడ్చేశారు.

విశాఖపట్నంలోని ఆ పరిశోధన సంస్థలో దమయంతి పదేళ్లకు పైగా ఈ పట్టీ మీదే పనిచేస్తోంది. మనం చెయ్యి కదపాలనుకునే ముందే మెదడులో ఆ కదలికకి ఏర్పాట్లు మొదలవుతాయి. వెనకే ఇంకో సంకేతం బయల్దేరుతుంది, ఆగు అని. ఈ రెండూ తేల్చుకున్నాకే చెయ్యి కదులుతుంది, లేదా కదలదు. మాస్టారి లాంటి వాళ్లలో ఆ రెండోది బిగుసుకుపోయి వదలదు. పట్టీ దాన్ని సడలిస్తుంది. అందుకని ల్యాబులో అందరూ దాన్ని 'వదులు' అని పిలిచేవారు.

ఎంత సడలించాలన్నదే చిక్కు. తక్కువైతే పని చెయ్యదు. ఎక్కువైతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అది తేల్చడానికి ఆమెకి, చెప్పిన మాట ఒళ్లు వినే మనిషి కావాలి. అలాంటి మనిషి సొంత కుటుంబంలోనే ఉన్నాడు. చెల్లెలు సుభాషిణి భర్త గౌరునాయుడు.

గౌరునాయుడుది విజయనగరం. దమయంతి వాళ్లు పెరిగిన వీధిలోనే పెరిగాడు. కర్రసాములో ఆ చుట్టుపక్కల అతనికి పేరుంది. తాత పెట్టిన తాలింఖానాలో సాయంత్రాలు పిల్లలకి సాము నేర్పుతాడు. నలభై దాటాక మోకాళ్లు మొరాయిస్తున్నాయి, కర్ర మునుపటిలా తిరగడం లేదని లోలోపల దిగులు. వదిన అడగ్గానే సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఒంటికి తీగలు తగిలించి అతన్ని ల్యాబులో నిలబెట్టారు. కర్ర ఎలా తిప్పుతావని దమయంతి అడిగితే అతను పొట్ట మీద అరచెయ్యి వేసి చూపించాడు.

"దమ్ము ఇక్కడ పుట్టాల వదినా. ఇది కదిల్తేనే కర్ర కదుల్తాది. ఉత్త చెయ్యితో తిప్పితే అది కట్టె, అంతే."

దమయంతికి ఆ మాట మీద పెద్ద నమ్మకమేమీ లేదు. కానీ తెర మీద గీతలు పడుతుంటే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. కర్ర తిప్పాలని అతను అనుకునే లోపే నాభి చుట్టూ కండరాలు సన్నగా బిగిశాయి. అక్కడి నుంచి ఒక అలలాంటిది వెన్నులోకి, భుజంలోకి, మణికట్టులోకి పాకింది. తాలింఖానాలో తాతల కాలం నుంచి దమ్ము అని పిలుస్తున్నది తెర మీద పచ్చటి గీతగా కళ్లముందే నడుస్తోంది.

ఆ పచ్చ గీతని అంటిపెట్టుకుని ఎర్ర గీత ఒకటి ఉంది. అది ఆగు అనే సంకేతం. మామూలు మనుషుల్లో అది వచ్చి పోతూ ఉంటుంది. గౌరునాయుడిలో ఎక్కడా తెగలేదు, పైగా బాగా లావుగా ఉంది. వయసుతో వచ్చిన జంకు కాబోలు అనుకుంది దమయంతి. దాన్ని తగ్గించడమే కదా తన పట్టీ చేసే పని.

పట్టీ పెట్టి మీట పైకి జరిపాక గౌరునాయుడి చేతిలో కర్ర కంటికి ఆనలేదు. గాలిని చీల్చే చప్పుడు మాత్రం వినిపించింది. ఆపాక అతను నేల మీద చతికిలబడి, చేతులకేసి చూసుకుంటూ చాలాసేపు నవ్వాడు. ఇరవయ్యేళ్ల నాటి ఒళ్లు తిరిగి వచ్చిందన్నాడు. దమయంతి కూడా నవ్వింది. ఆ వారమంతా ల్యాబులో పండగలా ఉంది.

తర్వాతి వారం అటెండరు సూరిబాబు టీ పళ్లెం పట్టుకుని లోపలికి వస్తూ తీగ తట్టుకుని తూలాడు. పళ్లెం పడింది. ఆ చప్పుడు ఇంకా చెవిని చేరకముందే గౌరునాయుడి కర్ర వెనక్కి తిరిగి కెమెరా స్టాండుని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క సూరిబాబు చెవిని రాసుకుంటూ వెళ్లి గోడకి తగిలింది.

గౌరునాయుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను కొట్టలేదు వదినా" అన్నాడు మెల్లిగా. "అదే కొట్టీసింది."

 దమయంతి, స్పీడు బాగా పెరిగింది, అంతేనని సర్దిచెప్పింది. ఈ సంగతి బయట అనుకోనక్కర్లేదని సూరిబాబుకి చెప్పింది. మీట కిందికి దించాలని ఆమెకి తెలుసు. దించితే ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. వచ్చే నెల ఢిల్లీ నుంచి పరిశీలకులు వస్తున్నారు. పట్టీకి అనుమతి వస్తే సోమయాజులు మాస్టారి లాంటి వాళ్లు ఎంతమందో గడపలు దాటుతారు. ఆమె మీట దించలేదు. పైగా, బయట సాధన చేసేటప్పటి కొలతలు కావాలని పట్టీని అతనికే ఇచ్చి ఇంటికి పంపింది. పైడితల్లమ్మ పండగలో సాము ప్రదర్శన దగ్గర పడుతోంది. గౌరునాయుడు వద్దనలేదు.

కొన్నాళ్లకి సుభాషిణి ఫోన్ చేసింది. ఆమె ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. ఇంటికొచ్చిన హెడ్‌మాస్టరు మొహం మీదే, విగ్గు మీకు బాగులేదని గౌరునాయుడు అనేశాడని చెప్పింది. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. నవ్వు ఆగాక సుభాషిణి గొంతు మారింది.

"నవ్వులాటకి కాదక్కా. మాటొచ్చిందంటే ఆపుకోలేకపోతన్నారు. నిన్న తలుపు ఎంత గట్టిగా తోసీసారంటే గొళ్లెం ఊడొచ్చీసింది. తర్వాత ఆయనే బెదిరిపోయి కూకున్నారు. నాకు భయమేస్తంది. ఆ పట్టీ తీసీమని నువ్వు చెప్పు. నీ మాటైతే వింటారు."

"పండగ అయ్యేదాకా ఓపిక పట్టవే" అంది దమయంతి.

పండగ రాకముందే జరిగిపోయింది. ఆ రోజు పొద్దున భార్యాభర్తలు గొడవపడ్డారు. పట్టీ గురించే. గౌరునాయుడు ఎప్పుడూ అనని మాట అని, అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చి, అన్నం తినకుండా వెళ్లిపోయాడు. సాయంత్రం బడి నుంచి వచ్చాక సుభాషిణికి మనసొప్పలేదు. సీసాలో మజ్జిగ పోసుకుని తాలింఖానాకి వెళ్లింది. పిల్లలింకా రాలేదు. అతను గోడవైపు తిరిగి ఒక్కడే కర్ర తిప్పుతున్నాడు. ఆమె వెనగ్గా వెళ్లి, అలక తీరిందా అని అడగబోతూ భుజం మీద చెయ్యి వేసింది.

ఆ పేటలో అందరూ ఆ కేక విన్నారు. అది గౌరునాయుడి కేక. సుభాషిణి కేక వెయ్యడానికి కూడా వ్యవధి లేకపోయింది.

*

దమయంతి ఆస్పత్రికి చేరేసరికి చెల్లెల్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. గౌరునాయుడు వరండాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా నిండా రక్తం. దమయంతి అతని పక్కన కూర్చుని, ఓదారుస్తున్నట్టు మెడ మీద చెయ్యి వేసి, పట్టీని ఊడదీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఎందుకలా చేసిందో ఆమెకి ఆ క్షణంలో తెలియదు. తర్వాత బాగా తెలిసింది.

సుభాషిణి ప్రాణం దక్కింది. ఎడమ దవడ ఎముక విరిగింది, ఎడమ కన్ను పోయింది.

పోలీసులు అడిగితే గౌరునాయుడు ఏమీ దాచలేదు. నేనే కొట్టాను, పొద్దున దెబ్బలాడాను, ఆ కోపంతోనే కొట్టి ఉంటాను అన్నాడు. పట్టీ మాట అతనికి తోచనే లేదు. తోచినా చెప్పేవాడు కాదేమో. అది ఒంటికి బలం ఇచ్చేదని మాత్రమే అతనికి తెలుసు. ఆపే శక్తిని తీసేస్తుందని అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. కట్టుకున్న దాన్ని కర్రతో కొట్టాడని ఊరంతా చెప్పుకున్నారు. బెయిలు వచ్చాక అతను ఇంటికి వెళ్లకుండా తాలింఖానా వెనక గదిలో ఉండిపోయాడు. పిల్లలు రావడం మానేశారు. ఎవరైనా పలకరించబోతే రెండు చేతులూ చంకల్లో బిగించి పెట్టుకునేవాడు, అవి తనవి కానట్టు, వదిలితే ఎవరి మీదికైనా వెళ్తాయేమోనన్నట్టు.

సుభాషిణి ఇంటికి వచ్చాక దమయంతి సెలవు పెట్టి ఆమె దగ్గరే ఉంది. కట్టు మార్చేది, అన్నం మెత్తగా కలిపి తినిపించేది. ఒక మధ్యాహ్నం సుభాషిణి ఒక్క కంటితో కిటికీలోకి చూస్తూ అడిగింది.

"అక్కా, ఆయనకి నామీద అంత కోపం ఉందంటావా? ఇన్నేళ్లూ లోపలే పెట్టుకున్నారంటావా?"

దమయంతి దగ్గర జవాబు ఉంది. అది నోటిదాకా వచ్చింది. "ఇప్పుడవన్నీ ఆలోచించకు, నిద్రపో" అంది.

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు ఉండలేకపోయింది. పని ఉందని విశాఖపట్నం వచ్చేసింది. వచ్చిన రోజే సోమయాజులు మాస్టారు భార్యతో కలిసి, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి ల్యాబుకి వచ్చారు. రామాలయం దాకా నడిచి వెళ్లొచ్చానని చెప్పి దమయంతి చేతిలో ప్రసాదం పెట్టారు. మాస్టారి పట్టీకి మీట ఎప్పుడూ తక్కువలోనే ఉంచారు. ఆయన ఎవర్నీ కొట్టలేదు, ఎవర్నీ తిట్టలేదు. తను నోరు విప్పితే ముందు ఆగిపోయేవి ఆయన కాళ్లే. ఆ మాట ఆమె ఎన్నోసార్లు తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ అది ఆయన కోసం చెప్పుకుంటున్న మాట కాదని తెలుస్తూనే ఉంది.

ఆదివారం ల్యాబులో సూరిబాబు తప్ప జనం లేరు. దమయంతి బ్యాగులోంచి గౌరునాయుడి పట్టీ తీసింది. అతనికి ఎంత పెట్టిందో అంతకే మీట జరిపి, తన మెడ వెనక అంటించుకుంది. ఏమీ తెలియలేదు. ఒళ్లు కాస్త తేలికైనట్టు అనిపించింది, అంతే. చెయ్యి ఎత్తి దించింది. కలం పట్టుకుంది. ఇంతేనా అనుకుంది.

సూరిబాబు టీ తెచ్చాడు. కప్పు బల్ల మీద పెట్టి, "చెల్లెమ్మగారికి ఎలాగుందండీ ఇప్పుడు" అని అడిగాడు.

"చచ్చిపోయుంటే పోయేది" అంది దమయంతి.

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. స్పష్టంగా, విసుగ్గా, బస్సు ఆలస్యమైందని అన్నట్టుగా వచ్చింది. సూరిబాబు రెండడుగులు వెనక్కి వేశాడు. దమయంతి పట్టీ పీకేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కానీ అప్పటికే అనేసింది.

తను చెల్లెలి చావు కోరుకోలేదు. ఆ పిల్లకి జడలు వేసి బడికి పంపింది తనే. ఆపరేషన్ గది బయట కనబడని దేవుళ్లందరికీ మొక్కింది తనే. అయినా లోపల ఎక్కడో, చెల్లెలు లేకపోతే ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఉండరని తనకే తెలియకుండా లెక్క వేసుకుంది. అలాంటివి ఎందరిలో ఎన్ని పుడతాయో. పుట్టిన చోటే అణిగిపోతాయి, పుట్టినట్టు మనిషికి తెలియను కూడా తెలియదు. తెర మీద కనబడిన ఎర్ర గీత చేసేది ఆ పనే. గౌరునాయుడిలో అది అంత లావుగా ఉన్నది జంకు వల్ల కాదు. సాములో మనిషి నెత్తిన నిమ్మకాయ పెట్టి కర్రతో కాయని మాత్రమే కొట్టడానికి ఇన్నేళ్లుగా అతను పెంచుకున్నది ఆ గీతనే. పచ్చ గీతతో పాటు అది కూడా దమ్మే. దాన్ని ఆమె చెత్తలా ఊడ్చి పారేసింది.

సోమవారం పొద్దున్నే ఆమె డైరెక్టరు దగ్గరికి వెళ్లి కూర్చుని అంతా చెప్పింది. సూరిబాబు చెవి పక్కనుంచి పోయిన ముక్క గురించి, చెల్లెలి ఫోన్ గురించి, ఆస్పత్రి వరండాలో తను చేసిన పని గురించి.  తర్వాత ఇద్దరూ కలిసి విజయనగరం పోలీసుల దగ్గరికి వెళ్లి పట్టీని అప్పగించారు. ఆమెని ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు, విచారణ మొదలైంది. అందరి దగ్గరా ఉన్న పట్టీలు వెనక్కి తీసుకున్నారు.

సోమయాజులు మాస్టారి ఇంటికి ఆమె తనే వెళ్లింది. కారణం చెప్పి, క్షమించమని అడిగి, ఆయన మెడ మీది పట్టీ తీసింది. మాస్టారు ఆమెను సాగనంపుదామని లేచి వచ్చి వీధి గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఆయన భార్య వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. దమయంతి వీధి మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడి ఉన్నారు.

*

గౌరునాయుణ్ని ఇంటికి రప్పించడం అంత తేలిగ్గా కాలేదు. దమయంతి తాలింఖానా వెనక గదికి రెండు మూడు సార్లు వెళ్లాల్సి వచ్చింది. చివరికి అతను వచ్చాడు. ముందు గదిలో, గుమ్మం పక్కనే, భార్యకి వీలైనంత దూరంగా కూర్చున్నాడు. చేతులు చంకల్లోనే ఉన్నాయి. సుభాషిణి మంచం మీద కూర్చుని ఉంది.

దమయంతి వాళ్లిద్దరి ముందూ నిలబడి మొదటి నుంచి చెప్పుకొచ్చింది. ఏదీ వదిలిపెట్టలేదు. విన్నాక గౌరునాయుడు తల అడ్డంగా ఊపాడు.

"మీరు నన్ను కాయడానికి చెప్తన్నారు వదినా. పట్టీ ఆపకుండా చేసింది, ఒప్పుకుంతాను. కొట్టాలని నాలో లేందే చేతిలోకి ఎక్కణ్ణించి వస్తాది? పొద్దున్న కోప్పడ్డాను. అది నిజమే కదా."

అప్పుడు దమయంతి, ఆదివారం ల్యాబులో తన నోటివెంట వచ్చిన మాట చెప్పింది. చెల్లెలి మొహంలోకి చూసి, అక్షరం మార్చకుండా చెప్పింది. తర్వాత గౌరునాయుడి వైపు తిరిగింది.

"అది నాలోంచే వచ్చింది గౌరీ. కానీ దాన్ని ఆపేది కూడా నాలోదే. రెండూ కలిస్తేనే నేను. నీలోంచి నేను ఒకదాన్ని తీసేసి, రెండోదాన్ని వదిలిపెట్టాను. ఆ రోజు నీ కర్ర పట్టుకున్నది సగం మనిషి. ఆ సగాన్ని చూసి అదే నువ్వని అనుకోకు."

 వీధిలో కూరగాయల బండివాడు కేకేసుకుంటూ వెళ్లిపోయాడు. సుభాషిణి మంచం దిగింది. ఎడమవైపు ఏమీ కనబడక గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆమె దగ్గరకు వస్తుంటే గౌరునాయుడు ఇంకా ముడుచుకుపోయాడు. ఆమె అతని ముందు కూర్చుని, చంకల్లోంచి చేతులు ఒక్కొక్కటే బయటికి లాగింది. అతను గట్టిగా బిగించాడు. ఆమె వదల్లేదు. రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని, వాటి మీద తన చేతులు వేసి అలాగే కూర్చుంది. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడు.

దమయంతికి కూడా కళ్లనీళ్లు వచ్చాయి. ఇక పోనీలే అక్కా అని చెల్లెలు ఒక్క మాట అంటుందేమోనని ఆశపడింది. సుభాషిణి తలెత్తి, ఉన్న ఒక్క కంటితో అక్కని చూసింది. కోపంగా లేదు ఆ చూపు. పిల్లలకి లెక్క ఎక్కడ తప్పిందో చూపించేటప్పటిలా ఉంది.

"నా చావు గురించి అనీసిన మాట నేను పట్టించుకోనక్కా. ఆపేది లేనప్పుడు వచ్చీసింది. ఈయన దెబ్బా అంతే. చెయ్యి ఆగేంత సేపు ఈయనకి లేకుండా పోనాది." ఆమె భర్త చేతుల మీంచి తన చెయ్యి తియ్యలేదు. "నీకు ఉంది కదా. నేను ఫోన్ చేసిన రోజు ఉంది. ఆస్పత్రిలో ఉంది. నేను మంచం మీంచి అడిగినప్పుడూ ఉంది. నీ ఒంటి మీద అప్పుడు ఏ పట్టీ లేదు."



సుభాషిణి లేచి వంటింట్లోకి వెళ్లి ముగ్గురికీ కంచాలు పెట్టింది. అందరూ కలిసే తిన్నారు. గౌరునాయుడు చాలా రోజుల తర్వాత తన చేత్తో కలుపుకుని తిన్నాడు. సుభాషిణి అక్కకి మారు అన్నం వడ్డించింది, పెరుగు పోసింది. తిన్నాక దమయంతి చెయ్యి కడుక్కుని, బ్యాగు తీసుకుని, వెళ్లొస్తానే అంది.

"చూసుకుని ఎల్లు. అయిదింటి బస్సు ఖాళీగా ఉంటాది" అంది సుభాషిణి. గుమ్మం దాకా వచ్చింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.